ఆవు ఎవరిదని అడిగారు, ఎక్కడిదని అడగలేదు

సంపాదకులకు నమస్కారం.

కనుమ వెళ్లిన రెండో రోజు మీ జిల్లా పేజీలో ఒక ఫోటో వేశారు. పాల పోటీల్లో ఒంగోలు ఆవుల విభాగంలో మొదటి బహుమతి. ఆవు మెడలో బంతిపూల దండ, పక్కన కండువా కప్పుకొని కప్పు పట్టుకున్న యజమాని, వెనకాల కెమెరాలో పడాలని తలలు చాపిన నలుగురు నాయకులు. కింద రెండే లైన్లు: యజమాని పేరు, ఊరు, ఆవు ఇచ్చిన పాలు. టీ తాగుతూ పేపరు తిప్పుతున్నవాణ్ని ఆ ఫోటో దగ్గర ఆగిపోయాను. ఆవు ఎడమ చెవి కొస చిరిగి ఉంది. మూడు నెలల పెయ్యగా ఉన్నప్పుడు మా వీధి కుక్క కొరికిన చెవి అది. మా అమ్మను పిలిచి చూపిస్తే కళ్లజోడు పెట్టుకొని చూసి "మన గౌరే కదరా, బాగా ఒళ్లు చేసింది" అంది. ఆ మాట అని పేపరు కాసేపు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

నాకు ఆ కొన్నాయన మీద ఏ కోపమూ లేదని ముందే చెప్తున్నాను. మూడేళ్ల కిందట గౌరిని తొలి చూడి (కడుపు) మీద 85 వేలకు మేమే అమ్మాం. చెల్లెలి పెళ్లి కుదిరింది, డబ్బు కావాలి, అమ్మాం. ఆయన ఆవును బాగా చూసుకుంటున్నాడని ఫోటోలోనే తెలుస్తోంది. ఫోన్ చేసి అభినందించాను కూడా. "మీ ఊరి పేరు చెప్పారా అన్నా?" అని అడిగితే నవ్వేసి, "ఆవు ఎవరిదని అడిగారు గానీ ఎక్కడిదని ఎవరూ అడగలేదు తమ్ముడూ" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, దాచలేదు. అడిగే కాలమ్ ఆ ఫారంలోనే లేదు. ఈ ఉత్తరం ఆ కాలమ్ గురించే.

పాల పోటీ ఎలా జరుగుతుందో చూడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. నాలుగేళ్ల కిందట మా మేనమామ ఆవుకు పాలు పితకడానికి నేనే వెళ్లాను. ముందు రోజు రాత్రి కమిటీ వాళ్ల ఎదుట అందరి ఆవుల పొదుగులూ ఖాళీ చేయిస్తారు, ఆ పాలు లెక్కలోకి రావు. మర్నాడు పొద్దున, సాయంత్రం పితికిన పాలను కాటా మీద పెట్టి, బకెట్ బరువు తీసేసి రాస్తారు. ఒకప్పుడు లీటరు క్యాన్లతో కొలిచేవాళ్లు, నురుగు కలిపి కొలిచారని గొడవలు అయ్యేవి, ఇప్పుడు కాటా వచ్చాక ఆ తగువు తీరింది. సూది మందు వేసి చేపిస్తారేమోనని, అంటే పాలు దిగేలా చేస్తారేమోనని, రాత్రంతా కాపలా ఉంటుంది. మైకు మోత, జనరేటర్ మోత, చుట్టూ నాలుగొందల మంది జనం, అందులో ఆవుకు బెదురు పుడితే అసలు చేపదు. మా మామ ఆవు అంతే చేసింది. దూడను వదిలినా, పొదుగు కడిగినా, గంగడోలు నిమిరినా పాలు పైకి ఎగబట్టింది. నాలుగో నంబరు గాటిలో ఉన్న ఆవేమో బ్యాండు మేళం మధ్యలో కూడా తవుడు నములుతూ జరజరా ఇచ్చేసింది. మామ ఆవు ఇంట్లో దానికంటే రెండు లీటర్లు ఎక్కువ ఇచ్చేది. ఆ రోజు ఇవ్వలేదు, అంతే.

ఇలాంటి పోటీలు వద్దని నేను అనను. ఊళ్లో కుర్రాళ్లు ఆవు వైపు తిరిగి చూసేది ఆ రెండు రోజులే. కాకపోతే ఒక రోజు బకెట్‌ను బట్టి ఆవును తూచడం, ఒక్క పరీక్ష రోజును బట్టి పిల్లాడి చదువును తూచడం లాంటిదే. రోజుకు 9 లీటర్లతో మొదలుపెట్టి ఐదు నెలలకే పాలు ఆగి ఒట్టిపోయే ఆవు ఉంటుంది. సగటున 6 లెక్కేసినా ఈతకు, అంటే ఒకసారి ఈని ఒట్టిపోయేదాకా, 900 లీటర్లు. ఇంకోటి 6 లీటర్లు దాటి ఎప్పుడూ ఇవ్వదు, కానీ పది నెలలు సగటున ఐదేసి ఇస్తుంది. అది 1500. ఇంతా చేసి పోటీలో కప్పు మొదటిదానికి, ఇంటిని నడిపేది రెండోది. ఆవు వేళకు కట్టి పధ్నాలుగు నెలల్లో మళ్లీ ఈనిందా, రెండేళ్లు ఎద (ఆబోతుతో కట్టే అదను) రాకుండా తిని కూర్చుందా అన్నది ఇంకా పెద్ద లెక్క. వెన్న శాతం సంగతి సరేసరి, పోటీలో దాని ఊసే ఎత్తరు.

ఇప్పుడు గౌరి సంగతి. మా నాన్న 2003లో ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాడు. నోటు పుస్తకం అంటే, చిరిగిపోయిన అట్టల మధ్య ఏటేటా గోడ క్యాలెండర్ కాగితాలు కుట్టుకుంటూ పోయిన ఒక కట్ట. పదిహేను రోజులకు ఒకసారి, పున్నమికీ అమావాస్యకీ, పాక దూలానికి స్ప్రింగు కాటా తగిలించి రెండు పూటలా పాలు తూచి ఆ తేదీ గడిలోనే రాసేవాడు. ఎద తేదీ మీద చుక్క, ఆబోతు వీర్యం సూది వేయించిన తేదీ మీద గీత, ఈనిన తేదీ చుట్టూ సున్నా. ఆబోతు నంబరు ఎర్ర ఇంకుతో. గౌరి అమ్మమ్మ మూడు లీటర్ల ఆవు, అదీ చేపినప్పుడు. దాని కూతురు ఐదు లీటర్లకు వచ్చింది. ఆ కూతురి రెండో ఈత పెయ్య గౌరి, 2019లో పుట్టింది. అంటే మూడు తరాలకు పదహారేళ్లు.

అంత కాలం ఎందుకంటే లెక్క చూడండి. ఇవాళ ఆవును కట్టిస్తే తొమ్మిది నెలల పైచిలుకుకు దూడ. పెయ్య పుడితేనే పని. ఒంగోలు పెయ్య తొలి ఈత ఈనేసరికి మూడున్నర, నాలుగేళ్లు. అది ఒక ఈత పాలు పూర్తిగా ఇచ్చేసరికి ఇంకో పది నెలలు. మనం వేసిన జత మంచిదా కాదా అని తెలియడానికే ఆరేళ్ల దగ్గర పడుతుంది. ఆ ఆరేళ్లూ మేపాలి, గాలికుంటు రోగం రాకుండా చూసుకోవాలి, ఎండాకాలం జొన్న చొప్ప కొనాలి. పక్కింటివాడు జెర్సీ సంకర ఆవుతో పూటకు ఎనిమిది లీటర్లు పాల కేంద్రానికి పోస్తుంటే చూస్తూ ఊరుకోవాలి. మా ఊళ్లో నాన్నను వెనకాల ఏమనేవాళ్లో నాకు తెలుసు, పేపర్లో రాయడం బాగుండదు.

ఒకసారి గౌరి తల్లి ఎదకొచ్చినప్పుడు పై ఊరి నుంచి ఒక ఆబోతును తోలుకొచ్చారు. చూడటానికి నిజంగా దేవుడి నంది. మూపురం, గంగడోలు, నల్లటి ముట్టె, కాటుక పెట్టినట్టు కళ్లు, పొట్టి కొమ్ములు, తోక కుచ్చు నలుపు, ఏ జడ్జి అయినా లేచి నిలబడతాడు. నాన్న వద్దన్నాడు. "దీని తల్లి ఎన్ని పాలిచ్చిందో చెప్పండి, కట్టిస్తా" అన్నాడు. ఎవరికీ తెలియదు. దాని అక్కచెల్లెళ్ల పాలూ తెలియదు. ఆబోతు తను పాలివ్వదు కదా, దాని తల్లిని, కూతుళ్లను చూసే దాని విలువ చెప్పాలి. ఆ ఎద వదిలేశాడు. ఇరవై ఒక్క రోజులు ఆగి, గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన ఫారంలో తెలిసినవాళ్లను పట్టుకొని, తల్లి పాల రికార్డు ఉన్న ఆబోతు వీర్యం నింపిన స్ట్రా తెప్పించి సూది వేయించాడు. ఆ సూదికి పుట్టిందే గౌరి. బహుమతి ఇవ్వాల్సిన పని ఏదైనా ఉంటే, ఆ రోజు అంత అందమైన ఆబోతును వెనక్కి పంపిన పని అది. అప్పుడక్కడ ఫోటో తీసేవాడు ఎవడూ లేడు.

ఇది మా నాన్న కనిపెట్టిన విద్య కాదు. మనం తిట్టుగా వాడే మాట ఒకటుంది, అచ్చోసిన ఆంబోతు అని. ఊరి మీద పడి తిరిగేవాణ్ని అలా అంటాం. కానీ ఒంగోలు సీమలో ఆ అచ్చు వెనక ఒక పద్ధతి ఉండేది. ఇంటి పెద్ద పోయినప్పుడు అతని పేరున ఒక కోడెదూడను దేవుడికి వదిలేవాళ్లు, ఆ వదిలే దూడ ఏదో ఒకటి కాదు, పెద్దలు పదిమంది కూర్చొని తల్లినీ తండ్రినీ చూసి ఎంచేవాళ్లు. దానికి అచ్చు వేసి వదిలితే ఏ చేలో మేసినా ఎవరూ కొట్టేవాళ్లు కాదు. అంటే ఊరంతా కలిసి ఒక మంచి విత్తనపు ఆబోతును మేపిందన్నమాట. ఈ జాతి అలా నిలబడింది. ఎంపిక పోయింది, తిట్టు మిగిలింది.

కరవది సంగతి ప్రకాశం జిల్లాలో అందరికీ తెలిసిందే, అయినా ఒకసారి చెప్పుకోవాలి. 1960ల మొదట్లో ఒంగోలు పక్కనున్న ఆ ఊరి ఆబోతు బ్రెజిల్‌కు వెళ్లింది. వాళ్లు దానికి కొత్త పేరు పెట్టుకోలేదు, ఊరి పేరే ఉంచారు. ఇవాళ్టికీ అక్కడి నెలోర్ జాతి వంశవృక్షాల్లో కర్వాది అనే పేరు కనిపిస్తుంది. నెలోర్ అంటే మన నెల్లూరే, ఆ పేరుతో అక్కడ పెరిగింది మన ఒంగోలు జాతే. ఆ మధ్య వియాటినా-19 అనే నెలోర్ ఆవు ధర మన లెక్కలో 40 కోట్లు పలికిందని అన్ని పేపర్లూ రాశాయి, వాట్సాప్ గ్రూపుల్లో మనమంతా ఛాతీ విరుచుకున్నాం. ఆ దేశంలో నెలోర్‌ను పెంచేది మాంసం కోసమన్న ముక్క మాత్రం చాలామంది మింగేశారు, అది వేరే కథ. పాల వైపు చూడాలంటే గుజరాత్ గిర్ ఆవును చూడాలి. బ్రెజిల్ వాళ్లు దాన్నీ తీసుకెళ్లి 1985 నుంచి కూతుళ్ల పాలు తూచి తండ్రులకు మార్కులు వేసే పని పద్ధతిగా మొదలుపెట్టారు. ఇప్పుడు మనం అక్కడి నుంచి గిర్ వీర్యం తెప్పించుకుందామా అని మాట్లాడుకుంటున్నాం. ఆవు మనది, కాగితం వాళ్లది. తేడా ఆ కాగితంలోనే వచ్చింది.

కెనడాలో హోల్‌స్టీన్ అనే పాల జాతి ఆవుల సంఘం 1929 నుంచి మాస్టర్ బ్రీడర్, అంటే మేటి పెంపకందారుడు, అనే గౌరవం ఇస్తోంది. అందులో నాకు నచ్చింది ఒకటే. ప్రతి పెంపకందారుడికీ తన మందకు ఇంటిపేరు లాంటిది ఒకటి రిజిస్టరై ఉంటుంది, తన దగ్గర పుట్టిన ప్రతి దూడ పేరుకూ ముందు అది అంటుకునే ఉంటుంది. ఆ ఆవు నాలుగు చేతులు మారి ఎక్కడో ఎక్కువ పాలిచ్చినా, ఎక్కువ ఏళ్లు బతికి ఎక్కువ ఈతలు ఈనినా, ఆ మార్కులు పుట్టించినవాడి ఖాతాకే వస్తాయి. ఒక రోజు బకెట్ కాదు, ఏళ్ల తరబడి మంద మొత్తం లెక్క. మనకు ఆ దేశపు ఆవు అక్కర్లేదు, ఆ ఇంటిపేరు పద్ధతి అరువు తెచ్చుకుంటే చాలు.

మన దగ్గర ఏమీ లేదని కూడా అనలేను. కేంద్రం 2021 నుంచి జాతీయ గోపాల్ రత్న అవార్డులు ఇస్తోంది, పాల విప్లవం తెచ్చిన కురియన్ గారి పుట్టినరోజైన నవంబర్ 26న. దేశీ జాతులను పెంచే రైతుకు మొదటి బహుమతి 5 లక్షలు, రెండోది 3, మూడోది 2. చాలా మంచి పని. అయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, ఫోటోలు, వివరాలు, లెక్కలు ఎక్కించాలి. షెడ్డు, కంప్యూటర్, మనిషి ఉన్న పెద్ద గోశాలకు అది అరగంట పని. నాలుగు ఆవులు, ఒక క్యాలెండర్ కట్ట ఉన్నవాడికి అది ఇంకో టెన్షన్. అదే అవార్డుల్లో ఉత్తమ సూది వేసే టెక్నీషియన్‌కు ప్రశంసాపత్రం, జ్ఞాపిక మాత్రమే ఇస్తారు, డబ్బు ఉండదు. వానలో కూడా బండి మీద వీర్యం చల్లగా ఉంచే నత్రజని కంటైనర్ కట్టుకొని, ఎద దాటకముందే పరిగెత్తుకొచ్చేవాడికి కాగితమా?

మరో సంగతి ఒంగోలు వాళ్లకే చాలామందికి తెలియదు. దేశంలో మేలుజాతి ఆవుల, గేదెల పాలు తూచి వంశం నమోదు చేయడానికి కేంద్ర ప్రభుత్వం 1960ల్లోనే మంద నమోదు పథకం పెట్టింది. దాని యూనిట్లు రోహ్‌తక్, అహ్మదాబాద్, అజ్మీర్‌లతో పాటు ఒంగోలుకు కూడా ఇచ్చింది. ఇప్పుడైతే ప్రతి పశువు చెవికీ 12 అంకెల పసుపు ట్యాగు వేస్తున్నారు, భారత్ పశుధన్ యాప్‌లో ఎక్కిస్తున్నారు. 2024 అక్టోబర్‌లో గౌచిప్ కూడా వచ్చింది, దానితో దేశీ ఆవు జన్యువులే చదవొచ్చు, ఎవరి కూతురో తేల్చడానికి రక్తపు చుక్కో వెంట్రుకో చాలు. ముక్కలన్నీ ఉన్నాయి. పోటీ కమిటీ వాళ్లు ఆ ట్యాగు నంబరు ఫోన్‌లో కొట్టి, ఈ ఆవు ఎక్కడ పుట్టింది, తల్లి ఏది అని చూస్తే అయిపోతుంది. ఉంటే చదువుతారు, లేకపోతే లేదని మైకులో చెప్తారు. "రికార్డు లేదు" అని నలుగురిలో రెండుసార్లు చెప్తే మూడో ఏడు రికార్డు అదే పుడుతుంది, మనవాళ్ల సంగతి నాకు తెలుసు.

మనం దేనికి బహుమతి ఇస్తున్నామో దాన్నే పెంచుతున్నామనడానికి చిత్తూరు వైపు చూడండి. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో పుంగనూరు ఆవులకు గడ్డి పెట్టిన ఫోటోలు వచ్చాక వాటి ధరలు ఎక్కడికో పోయాయి. సంతోషమే, దాదాపు అంతరించిపోతుందన్న జాతి. పలమనేరు పరిశోధనా కేంద్రం ఇన్నేళ్లు కాపాడుకుంటూ వచ్చింది. కానీ ఇప్పుడు కొనేవాడు అడిగేది ఒకటే ప్రశ్న, ఎత్తెంత? రెండడుగులా, రెండున్నరా? ఒళ్లో కూర్చుంటుందా? ఆ ఆవు పేరు పడింది చిక్కటి పాలకు. తక్కువ మేతతో, కరువు నేలలో, వెన్న బాగా ఉన్న పాలిచ్చేదని దాన్ని మెచ్చుకున్నారు. రేపు పోటీ పెట్టి పొట్టి ఆవుకు కప్పు ఇస్తే, పదేళ్లకు పొదుగు లేని బొమ్మలు మిగులుతాయి.

బండలాగుడు పందేల మీద నాకు ద్వేషం లేదు, చిన్నప్పుడు కోటప్పకొండ తిరనాళ్లకు నాన్న భుజాల మీద కూర్చొని చూసినవాణ్ని. గిత్తల వయసును బట్టి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలు, బుల్లెట్ బండ్లు, లక్షల్లో నగదు. అదే ప్రాంగణంలో మర్నాడు పాల పోటీ గెలిచిన ఆవుకు ఇచ్చేది ఓ మిక్సీ, లేదా స్టీలు బిందె. ఆ గిత్తలను కన్న తల్లులు ఎవరో మైకులో ఎప్పుడైనా చెప్పారా? మా ఊళ్లో గిత్తల జత పేరు, తోలేవాడి పేరు, దాత పేరు, దాత మామగారి పేరు కూడా చదువుతారు.

అందుకని పోటీ పెట్టేవాళ్లను నేను అడిగేది ఇది. బహుమతిని రెండు భాగాలు చేయండి, ఒకటి పలుపు పట్టుకున్నవాడికి, ఒకటి పుట్టించినవాడికి. ఒక రోజు పాలకు ఒక కప్పు ఇస్తే, తల్లీ కూతురూ మనవరాలూ మూడు తరాల రికార్డు చూపించగలిగిన వాళ్లకు ఇంకో కప్పు ఇవ్వండి, అది కాస్త పెద్దదైతే మరీ మంచిది. రికార్డు అంటే కంప్యూటర్ కాగితమే కానక్కర్లేదు, మా నాన్న క్యాలెండర్ లాంటిది తెచ్చినా పశువైద్యుడు కూర్చొని చూసి నమ్మొచ్చో లేదో చెప్పగలడు. మొదటి ఏడు ముగ్గురే వస్తారు. వాళ్లలో ఇద్దరి లెక్కలు తప్పులతడకలు. కానివ్వండి.

మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. వచ్చే సంక్రాంతికి మీ విలేకరిని పోటీకి పంపేటప్పుడు రెండు ప్రశ్నలు అదనంగా అడగమనండి. ఈ ఆవు ఎవరింట్లో పుట్టింది? దీని తల్లి ఈతకు ఎన్ని పాలిచ్చింది? ఫోటో కింద రెండు లైన్లకు మూడో లైన్ కలుపుతారు, అంతే కదా. ఈసారి ఆ లైన్ ఉండి ఉంటే అందులో మా నాన్న పేరు పడేది. ఆయన పోయి నాలుగేళ్లైంది, పేరు కోసం ఆయన ఎప్పుడూ పాకులాడలేదు, కానీ మా అమ్మ ఆ పేపరు మడిచి క్యాలెండర్ కట్టలోనే దాచింది, 2019 కాగితం పక్కన.

గౌరి తల్లి మా పాకలోనే ఉంది. ఆరో చూడి, శివరాత్రి వెళ్లిన వారానికి ఈనుతుందని లెక్క. మీవాళ్లు ఎవరైనా ఫోటో తీసుకోవడానికి వస్తే ఎనిమిదిలోపు రమ్మనండి, తర్వాత మేతకు తోలేస్తాం. జున్ను ఉంటుంది.

ఇట్లు,
ఒక ఒంగోలు ఆవుల రైతు,
ప్రకాశం జిల్లా.